ఐదు ముందా, ఆరు ముందా

(‘ఒకటే ప్రింటు’ సీరియల్, పదకొండో భాగం)

2006 నవంబరు 19, ఆదివారం. ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు చేవెళ్ల శివజ్యోతి టాకీసు ప్రొజెక్టరు గదిలో వెన్నెల ఒక రీలు కొస లాగి ఆపరేటరు అనంతయ్య చేతికి ఇచ్చింది. దాని మీద రాసి ఉన్న అంకె చదవమంది. అనంతయ్య చదవలేదు.

గదిలో అప్పటికి నలుగురున్నారు. అనంతయ్య, ఆయన కొడుకు శ్రీశైలం, మొయినాబాద్ నుంచి మొదటి బస్సుకు వచ్చిన వెన్నెల, బస్టాండు దగ్గర జిరాక్సు, ఇంటర్నెట్ దుకాణం నడిపే గోవర్ధన్. వెన్నెల మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టరు. ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో వెతకడం ఆమె ఉద్యోగం. శనివారం సాయంత్రం ఇక్కడ ఆట చూసి ఆమె వెతికి పట్టుకున్న తప్పుతోనే కిందటి వారం మనం ఆగాం.

‘ఆరు గంటల తలుపు’ అనే డబ్బింగు సినిమా నవంబరు మూడున చేవెళ్లలోనూ మొయినాబాద్‌లోనూ వచ్చింది. రెండు హాళ్లూ వెంకటయ్యవే. ప్రింటు ఒకటే. చేవెళ్లలో ఆట పదకొండుకు మొదలైతే మొయినాబాద్‌లో పన్నెండున్నరకు. ఇక్కడ ఆడిన రీళ్లను శ్రీశైలం బండి మీద అక్కడికి చేరుస్తాడు. దారి ఇరవై నిమిషాలు. సాయంత్రం ఆటకూ అంతే.

కథలో నోరా అనే శాస్త్రవేత్త ఉంది. ఆమె అన్న ఒక ఉదయం ప్రయోగశాల మంటల్లో చనిపోతాడు. ఆమె కట్టిన తలుపు ఎప్పుడు తెరిచినా అవతల అదే ఉదయం ఆరు గంటలు. రెండుసార్లు తెరుస్తుంది. ఒకసారి అన్నను బయటికి లాగబోయి చెయ్యి కాల్చుకుంటుంది. అన్న దక్కడు. ఇంకోసారి ఏమీ చెప్పకుండా అన్న పక్కన కూర్చుని కాఫీ తాగి వచ్చేస్తుంది. ఆ తర్వాత తలుపు మూసేస్తుంది.

మొయినాబాద్‌లో చూసినవాళ్లకు ముందు మంట, తర్వాత కాఫీ. చేవెళ్లలో చూసినవాళ్లకు ముందు కాఫీ, తర్వాత మంట. పదహారు రోజులుగా రెండు ఊళ్ల కుర్రకారు ఆర్కుట్ వెబ్‌సైట్‌లోనూ, షేర్ ఆటోల్లోనూ, సాఫ్ట్‌వేర్ కంపెనీల క్యాబుల్లోనూ దీని మీద వాదించుకుంటున్నారు. సినిమాయే కాలం గురించి కాబట్టి అవతలివాళ్లు ‘ముందు’ అన్నా ‘తర్వాత’ అన్నా అది వాళ్ల సిద్ధాంతం అనుకున్నారు. రెండు ఊళ్లలో తెర మీద పడుతున్న బొమ్మల వరుసే వేరని ఎవరికీ తట్టలేదు. వెన్నెలకు శనివారం తట్టింది. కాఫీ కప్పు పట్టుకున్న నోరా చేతికి పట్టీ ఉంది. చేవెళ్ల తెర మీద చెయ్యి కాలింది ఆ తర్వాత పద్దెనిమిది నిమిషాలకు.

అందుకే ఆమె అంకె చదవమంది.

“బాపు అద్దాలు ఇంట్ల మర్చిపోయిండు,” అన్నాడు శ్రీశైలం.

“నాకు అద్దాలు ఎప్పుడున్నయిరా?” అన్నాడు అనంతయ్య. ఫిల్ము కొసను వెన్నెల వైపు చాపాడు. ఆమె నిలబడిన చోటుకు జానెడు పక్కగా చాపాడు. “నువ్వే చదువు బిడ్డా.”

వెన్నెల చదివింది. ఆరు. రీలు అంచుకు ఒక దారం కట్టి ఉంది. దానికి ఐదు ముడులు, అది ఐదో రీలని అనంతయ్య పెట్టుకున్న గుర్తు.

“తాతా, మీకు ఎంత మట్టుకు కనబడ్తది?”

“ఎదురుగ రూపాయి బిళ్లంత జాగ, గది సుత మసక. రాత ఆనదు. పొద్దుగాల జర నయం. పక్కకు ఏమి లేదు. రెండేండ్లాయె. సరోజినీదేవి దవాఖానకు పోతే నీటికాసులన్నరు. పోయిన చూపు మల్ల రాదన్నరు.”

గోవర్ధన్ గోడకు ఆనుకుని ఉన్నవాడు నిటారుగా నిలబడ్డాడు. ఆయన ఈ హాల్లో పదేళ్ల వయసు నుంచి సినిమాలు చూస్తున్నాడు.

“కాకా, రెండేండ్ల సంది ఆట ఎవరు ఏస్తున్నరు మరి?”

“నేనే.”

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. వెంకటయ్య డిసెంబరు ఒకటి నుంచి మొయినాబాద్ హాలుకు డిష్ పెడుతున్నాడు. సినిమా ఉపగ్రహం ద్వారా ఆకాశం నుంచి దిగుతుంది. రీళ్లుండవు, ఆపరేటరు ఉండడు. అక్కడి ఆపరేటరు పేతురుకు గేటు దగ్గర పని ఇస్తానన్నాడు. చేవెళ్ల సంగతి వచ్చేసరికి, అనంతయ్య ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఉన్నాడు కాబట్టి, పాత మెషిన్లే ఉంచుతానని మాట ఇచ్చాడు. ఆ మాటకు ఒక షరతు ఉంది. ఒక్క ఫిర్యాదు వస్తే ఇక్కడా డిష్షే. ఈ ఆదివారం పదకొండింటి ఆటకు ఆయన డిష్ కంపెనీ ఇంజినీరుతో వస్తున్నాడు. వాదన తేల్చుకోవడానికి మొయినాబాద్ నుంచి ఏడు ఆటోల్లో జనం కూడా వస్తున్నారు. ఆదివారం చిల్కూరు గుడికి తిరిగే ఆటోలే అవి. ఆ రోజు మొయినాబాద్‌లో డిష్ పనులని పగటి ఆట లేదు, అందుకే శ్రీశైలం రీళ్లు మోసే పని లేక ఇక్కడే ఉన్నాడు.

“ఎట్ల ఏస్తున్నరు?” అంది వెన్నెల. “నేను తప్పు పట్టనీకి అడుగుతలేను. నిజంగ అడుగుతున్న.”

అనంతయ్య స్టూలు మీద నుంచి లేచాడు.

“గియ్యి ఏడు రీళ్లు. నీకు ఇష్టమొచ్చింది ఇయ్యి.”

ఆమె దొంతర మధ్య నుంచి ఒకటి తీసి ఇచ్చింది. ఆయన ముడులు తడమకుండానే దాన్ని పై స్పూలుకు ఎక్కించాడు. కొస పట్టుకుని పళ్ల చక్రాల మధ్య నుంచి, లెన్సు వెనక గేటులోంచి, సౌండు డ్రమ్ము చుట్టూ తిప్పి కింది స్పూలుకు చుట్టాడు. మెషిన్ తలుపులు మూశాడు. వెన్నెల సెల్‌ఫోనులో సమయం చూసుకుంటోంది. ముప్ఫై ఐదు సెకన్లు పట్టింది. గదిలో ఉన్న చిన్న స్పీకరు ఆన్ చేసి, దీపం వెలిగించకుండా మెషిన్ నడిపాడు. గంట మోగిన శబ్దం, ఎవరో మెట్లు దిగుతున్న శబ్దం వినిపించాయి.

“మూడు,” అన్నాడు.

ఆమె కొస చూసింది. మూడు.

రెండోది ఇచ్చింది. ఈసారి శబ్దం మొదలై నాలుగు సెకన్లు కాలేదు. “ఒకటి.” మూడోదానికి మాటల్లేవు, సంగీతమే ఉంది. “ఏడు. గది ఆఖరి రీలు. పిడేలు గట్ల గుంజితే సినిమా అయిపోయెతందుకు వచ్చినట్టు.” నాలుగోసారి ‘రెండు’ అన్నాడు. ఐదోసారి ‘నాలుగు’. ప్రతిసారీ వెన్నెల కొస చూసింది. ప్రతిసారీ సరిపోయింది.

“కొత్త సినిమా వచ్చిన దినం బాపు పొద్దుగాల తొమ్మిదింటికే ఎందుకొస్తడని అందరు అడుగుతరు,” అన్నాడు శ్రీశైలం. “గిందుకే. డబ్బాల మీద అంకెలు పాత సినిమాలయి. వాటిని ఎవరు నమ్మరు. అసలు అంకె రీలు కొస మీదనే ఉంటది. నేను చదివిపెడ్త బాపు అంటే ఒద్దంటడు. రీలు వరుస ఆపరేటర్ పనంటడు.”

“అవును మరి. బండి నడిపేటోనికి రీలుతోని ఏం పని?” అన్నాడు అనంతయ్య.

“మారుడు?” అన్నాడు గోవర్ధన్. “ఈ మెషిన్ మీదికెల్లి ఆ మెషిన్ మీదికి మారేటప్పుడు తెర మూలకు చుక్క పడ్తది గద. అది చూసి గద మార్చేది?”

అనంతయ్య పై స్పూలుకు బెత్తెడు దూరంలో అరచెయ్యి పెట్టాడు. గోవర్ధన్ చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టాడు. మెషిన్ నడిపాడు.

“గాలి తాకుతుందా? రీలు నిండుగుంటే స్పూలు మెల్లగ తిరుగుతది. ఖాళీ అయ్యే కొద్ది జోరు పెరుగుతది. ఆఖరి నిమిషంల గాలి ఇట్లుండదు, కొడ్తది. గప్పుడు మాట ఇంట. ప్రతి రీలుకు ఆఖరి మాట ఉంటది. గది ఇనంగనే రెండో మెషిన్ మోటరు ఎత్త. గా తర్వాత ఏడు లెక్కబెట్టి మారుస్త.”

“దీపానికి కాలే కార్బన్లు?” అన్నాడు గోవర్ధన్.

“రెండు పుల్లల నడుమ జాగ ఎక్కువైతే బుస్సుమంటది. తక్కువైతే చిటచిటమంటది. మంచిగుంటే ఏమనదు.”

“ఫోకసు?” అంది వెన్నెల.

ఆయన లెన్సు మీద ఒక చోట ఆమె వేలు ఆనించాడు. గోటితో గీసిన గీత ఉంది. కళ్లు బాగున్న రోజుల్లో గీసుకున్నది.

ఆమె ఆ గీతను వేలితో తడిమింది. ఆఫీసులో ఆమె ముందు రెండు కంప్యూటర్లుంటాయి, తప్పులు రాసే పుస్తకం ఉంటుంది. ఈ సినిమా చేవెళ్లలో ముప్ఫై రెండు ఆటలు ఆడింది. తెర చీకటైందని గానీ, బొమ్మ మసకగా ఉందని గానీ, మాట తెగిందని గానీ ఒక్కరూ అనలేదు. ఆమె శనివారం ఆ తెరను రెండు గంటలపాటు తప్పు కోసమే చూసింది. ఆమెకు దొరికింది ఒక్కటే.

“ఇంక రెండు మిగిలినయి తాతా,” అంది.

మొదటిది ఎక్కించారు. తలుపు కిర్రుమంది. అడుగుల చప్పుడు. గోడ గడియారం. ఒక మగ గొంతు: “ఇంత పొద్దున్నే వచ్చావేంటి? కూర్చో, కాఫీ పెట్టాను.” ఒక ఆడ గొంతు: “నీ కోసమే వచ్చాను.” వెన్నెల ఆపమంది. రెండోది ఎక్కించారు. తలుపు కిర్రుమంది. అడుగుల చప్పుడు. గోడ గడియారం. “ఇంత పొద్దున్నే వచ్చావేంటి? కూర్చో, కాఫీ పెట్టాను.” “నీ కోసమే వచ్చాను.” ఆమె సమయం చూసింది. నలభై మూడు సెకన్ల వరకు రెండు రీళ్లకూ తేడా లేదు.

అనంతయ్య మెషిన్ మీద నుంచి చెయ్యి తీశాడు.

“నాలుగో రీలు ఆఖర్ల ఆ పిల్ల తలుపు మీద చెయ్యేస్తది,” అన్నాడు. “తలుపు తోటి మొదలైన రీలు చేతికొచ్చింది. ఐదు అనుకున్న. ఏడు ఏదో ఎరుకే. మిగిలింది ఒక్కటే, ఆరు. ముడులేసిన. ఆ పిల్ల రెండు మాట్ల తలుపు తీస్తదని ఎరుకే నాకు. ఏ మాటు ముందో చెవికి ఎట్ల ఎరుకైతది?”

“ఎవరికైన ఎరుకకాదు తాతా.”

“కంటికి ఎరుకైతుండె గద.”

వెన్నెల మొదటి రీలు తీసి పక్కన పెట్టింది.

“ఆ పిల్ల చేతికి పట్టీ ఉన్నదంటివి. ఏ చెయ్యి?”

“కుడి చెయ్యి. తెల్ల గుడ్డ. కాఫీ ఎడమ చేతితోని తాగుతది.”

“పట్టీకి సప్పుడు ఉండదు,” అన్నాడు అనంతయ్య. “ముప్ఫై రెండు మాట్లు ఇన్న నేను ఈ సినిమా. నాకు ఎడమ చేతి సంగతి ఇప్పుడే ఎరుకైంది. అన్న అడుగుతడా మరి, చేతికి ఏమైందని?”

“అడగడు. చూస్తడు. మల్ల కప్పు దిక్కు చూస్తడు.”

“అడగడా,” అన్నాడు. “మంచోడు.”

గోవర్ధన్ ఈలోగా కిటికీ దగ్గరికి పోయి నిలబడి ఉన్నాడు. ఆయన దుకాణం గోడ మీద ఆరు అడుగుల చార్టు ఉంది. నోరా తలుపులో కాలం వెనక్కి నడుస్తుందని, అందుకే గాయం కంటే ముందు పట్టీ వస్తుందని అందులో బాణాలు గీసి చూపించాడు. అది ఆర్కుట్‌లో పెడితే మూడు వందల నలభై మంది జవాబు రాశారు. బెంగళూరు నుంచి ఒక భౌతికశాస్త్రం లెక్చరరు, ఇలాంటి ఆలోచన తాను ఏ సినిమాలోనూ చూడలేదని రాశాడు.

“అంటే నా చార్టు మొత్తం రెండు రీళ్ల తారుమారు,” అన్నాడు.

“అన్నా, కోపం చేసుకోకు గాని, అంతే.”

“కోపం కాదు. నవ్వొస్తలేదు, గంతే.” కిటికీ వదిలి ఇవతలికి వచ్చాడు. “గని వెన్నెలా, ఒక్క మాట. మీ వరుసల నోరా ఏం చేసింది? కొట్లాడింది, అన్న దక్కలే. రెండోసారి పోయి కాఫీ తాగి వచ్చింది. ఓడిపోయి తాగింది. మా వరుసల? ముందు కాఫీ తాగింది. సెలవు తీసుకుంది. గయినా మనసొప్పక మల్ల పోయి మంటల దుంకింది. సినిమా తీసినోడు ఏది తీసినా గాని, గట్టిది మాదే.”

“మంటల దుంకితే గట్టిదా? అన్నకు ఆఖరి పొద్దు పరేషాన్‌ల పోయింది మీ వరుసల. మా వరుసల ఆయన కాఫీ తాగి, చెల్లెను చూసుకుని పోయిండు. ఆమె తన కోసం పోలే, ఆయన కోసం పోయింది.”

“బతుకుతడేమో అని పోకుంటె ఇగ మిషన్ ఎందుకు కట్టింది?”

“బతకడని తెల్వనీకి.”

“గది తెల్సుకోనీకి మిషన్ కావాల్నా? మా అవ్వ చెప్తది.”

అనంతయ్య నవ్వాడు. తొమ్మిదింటి నుంచి మొదటిసారి నవ్వాడు.

“కొట్లాడుర్రి. రెండేండ్ల సంది ఈ గదిల ఎవరు మాట్లాడలే. తెర దిక్కుకెల్లి వచ్చిన మాటలే ఇన్న.”

పది ఇరవైకి మొయినాబాద్ ఆటోలు వచ్చాయి. కిటికీలోంచి కింది మాటలు వినిపించాయి. టికెట్ల కిటికీ దగ్గర మిర్చి బజ్జీలు వేసే సాయమ్మ చుట్టూ జనం చేరారు. ఆమె ఈ సినిమా నాలుగుసార్లు చూసింది, నాలుగుసార్లూ చేవెళ్లలోనే.

“నువ్వు చెప్పవ్వా, నోరా చేసింది రైటా?” అన్నాడు మొయినాబాద్ నుంచి వచ్చిన ఒకడు.

“కాఫీ తాగేటప్పుడు నేను అనుకున్న, ఈ పిల్ల మల్ల పోతదని. పోయింది.”

“కాఫీ తర్వాత పోదు అవ్వా. గదే ఆఖరు.”

“నువ్వు కాఫీ అయినంక లేచి ఇంటికి పోయినట్టున్నవ్ బిడ్డా.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మొయినాబాద్ వాడు కూడా నవ్వాడు.

గదిలో ఎవరూ నవ్వలేదు. శ్రీశైలం కిటికీ రెక్క దగ్గరికి వేశాడు.

“ఇప్పుడేం చేద్దాం?” అన్నాడు. “ఐదు ముందు ఏస్తే చేవెళ్లోళ్లు లేస్తరు, సినిమా మారిందని. ఆరు ముందు ఏస్తే మొయినాబాదోళ్లు లేస్తరు, వరుస తప్పిందని. ఎట్లేసినా వెంకటయ్య పటేల్ బాల్కనీల కూసోని ఇంటడు. బాపూ, కార్బన్లు అయిపోయినయని ఆట ఆపేద్దాం.”

“నాలుగు కట్టలున్నయి.”

“నేను దాస్త.”

“ఉన్నది లేదని ఈ గదిల ఎన్నడన్న అన్ననా నేను?”

“రెండేండ్ల సంది అంటనే ఉన్నవ్ గద బాపూ,” అన్నాడు శ్రీశైలం. అని తల దించుకున్నాడు.

అనంతయ్య చేతులు దించి స్టూలు మీద కూర్చున్నాడు.

“ప్రింటు పంపినోళ్లు అంకెలు తప్పు రాసిన్రని చెప్పొచ్చు,” అన్నాడు గోవర్ధన్.

“పేతురు చదివిండు. వాని హాల్ల మంచిగనే నడిచింది. అంకెలే తప్పంటె తప్పు వాని మీదికి పోతది.” అనంతయ్య వెన్నెల వైపు తిరిగాడు. “బిడ్డా, మీ ఆఫీసుల తప్పు దొరికితే ఏం చేస్తరు?”

“రాసి పంపుత. ఏడ అయింది, ఎట్ల అయింది, మల్ల చేస్తే మల్ల అయితదా, గియ్యే రాయాలె. ఎవరు చేసిన్రో రాయం.”

“ఎందుకు రాయరు?”

“చేసినోళ్లే వచ్చి చెప్తరు. రాయకున్నా చెప్తరు.”

అనంతయ్య తల ఊపాడు. ఒకటో రీలు ఏ మెషిన్ మీద ఉందో చేత్తో తడిమి చూసుకున్నాడు.

ఆట పదకొండింటికి మొదలైంది. హాల్లో నాలుగు వందల పన్నెండు సీట్లు. ఆ ఆటకు తెగిన టికెట్లు మూడు వందల ఎనభై ఎనిమిది. వెంకటయ్య పది యాభైకి వచ్చి ఇంజినీరుతో బాల్కనీ మొదటి వరుసలో కూర్చున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు రీళ్లు వరుసగా నడిచాయి. వెన్నెల, గోవర్ధన్ గదిలోనే ఒక మూల నిలబడి ఆయన చేతులు చూశారు. మూడు మార్పుల్లో ఒక్కదాని దగ్గరా తెర మీద నీడ పడలేదు. మూడో మార్పు దగ్గర ఆయన పెదవులు ఏడు వరకు లెక్కపెట్టడం వెన్నెల చూసింది. ఆమె ఆయనతో పాటు లెక్కపెట్టింది.

పన్నెండు గంటల పన్నెండు నిమిషాలకు ఇంటర్వెల్ పడింది. పన్నెండు పదిహేనుకు వెంకటయ్య మెట్లెక్కి గదిలోకి వచ్చాడు. ఇంజినీరు బాల్కనీలో టీ తాగుతున్నాడు.

“అనంతయ్యా, మంచిగ నడుస్తుంది,” అన్నాడు వెంకటయ్య. “ఇంజినీరు సుత అన్నడు, పాత మెషిన్ల మీద ఇంత సాఫుగ నేను చూడలే అని. గీళ్లెవరు?”

“పటేలా, మీకు ఒక ఫిర్యాదు ఇయ్యాలె.”

“ఎవరు ఇచ్చిన్రు?”

“నేనే ఇస్తున్న.”

వెంకటయ్య స్టూలు మీద కూర్చోబోయి ఆగాడు.

అనంతయ్య చెప్పాడు. ఐదు, ఆరు రీళ్లు పదహారు రోజులు తారుమారుగా నడిచాయని, అంకె చదవలేక అలా జరిగిందని, చూపు పోయి రెండేళ్లయిందని. నాలుగు వాక్యాల్లో చెప్పాడు. శ్రీశైలం పేరు గానీ, పేతురు పేరు గానీ, వెన్నెల పేరు గానీ అందులో లేవు.

“రెండేండ్లు,” అన్నాడు వెంకటయ్య.

“అవు.”

“నన్ను చూస్తున్నవా ఇప్పుడు?”

“మీ అంగీ గుండీ కనబడ్తుంది. మొకం కనబడాల్నంటె తల ఎత్తాలె.” ఎత్తలేదు.

వెంకటయ్య రెండు మెషిన్లను చూశాడు. వేడి ఇంకా తగ్గలేదు. ఈ గదిలో ఒక్క పొరపాటు జరిగితే నిప్పు ఎంత దూరం పోతుందో హాలు యజమానిగా ఆయనకు తెలుసు. రెండేళ్ల ఆటల్లో ఏదీ జరగలేదన్నదీ తెలుసు.

“ఇంతకుముందు రీలు మారినప్పుడల్ల నేను తెరనే చూస్తున్న,” అన్నాడు. “మారినట్టే నాకు తెల్వలే.”

కింద ఇంటర్వెల్ ముగిసే గంట మోగింది.

“ఇప్పుడు ఏది ఏస్తవ్?”

“ఆరు.”

“తప్పని తెలిసినంక సుత?”

“మొయినాబాదోళ్లు ఏడు ఆటోలు కట్టుకోని వచ్చింది చేవెళ్ల సినిమా చూడనీకి పటేలా. వాళ్ల సినిమా వాళ్లు చూసిన్రు. ఇవతలోళ్లు పదహారు దినాలు చూసింది గిదే. ఇయ్యాల మార్చి ఏస్తే వాళ్లు చూసింది అబద్ధమైతది. నేను తెల్వక ఏసిన. ఒక్కసారన్న తెలిసి ఏస్త. సాయంత్రం ఆటకు మీరు ఏది అంటే గది.”

గోవర్ధన్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. వెన్నెల ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

అనంతయ్య మైకు అందుకున్నాడు. స్కూటరు అడ్డంగా పెట్టారని శ్రీశైలం చెప్పే మైకు అది. ఆయన గొంతు హాల్లో ఇంతకుముందు ఎవరూ వినలేదు. ఆయన అన్నది ఇది:

“నేను ఆపరేటర్ అనంతయ్య. ఇప్పుడు ఏసేది ఆరో రీలు. ఐదోది దాని తర్వాత ఏస్త. పదహారు దినాల సంది గిట్లనే ఏసిన, తెల్వక. మొయినాబాద్‌ల మంచి వరుసల నడిచింది. ఇయ్యాల ఇక్కడ తెలిసి ఏస్తున్న. అందరు కూసోర్రి.”

హాల్లో అప్పటిదాకా ఉన్న చప్పుడు ఆగిపోయింది. బాల్కనీలో ఇంజినీరు టీ గ్లాసుతో వెనక్కి తిరిగి ప్రొజెక్టరు కిటికీ వైపు చూశాడు. మిర్చి బుట్ట తీసుకుని బయటికి వెళ్లబోతున్న సాయమ్మ నడవాలోనే మెట్టు మీద కూర్చుంది. ఎవరూ లేచి వెళ్లలేదు.

పన్నెండు ఇరవై మూడుకు ఆరో రీలు మొదలైంది. తలుపు తెరుచుకుంది. అన్న చెల్లెలిని కాఫీకి కూర్చోమన్నాడు. నోరా ఎడమ చేత్తో కప్పు అందుకుంది. కుడి చేతికి పట్టీ ఉంది. అన్న ఆ పట్టీ చూసి, కప్పు వైపు చూశాడు. మూడు వందల ఎనభై ఎనిమిది మందికీ ఆ పట్టీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. మొయినాబాద్ వాళ్లు కూర్చున్న వైపు ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు.

గదిలో వెంకటయ్య ముగ్గురినీ కిందికి వెళ్లమన్నాడు. శ్రీశైలం కదలలేదు.

“నువ్వు సుత పోరా,” అన్నాడు అనంతయ్య.

ముగ్గురూ మెట్ల మీదికి వచ్చారు. వెనక వెంకటయ్య తలుపు లోపలి నుంచి గడియ పెట్టాడు.

పన్నెండు నలభై ఒకటికి రీలు మారింది. తెర మీద నీడ పడలేదు. గది తలుపు అప్పటికి తెరుచుకోలేదు. లోపల వెంకటయ్య ఏం తేల్చాడో వచ్చే వారం.